కొన్న వస్తువులో లోపం: కొనుగోలుదారు హక్కుకు ఒక చరిత్ర

ఈ పాఠం మొదలుపెట్టే ముందు మీ ఇంట్లో ఫ్రిజ్, టీవీ, మిక్సీ, వాషింగ్ మెషీన్‌లలో ఏదో ఒకదాని వారంటీ కార్డు వెతికి పక్కన పెట్టుకోండి. పాఠం మధ్యలో దానితో పని ఉంటుంది.

కొత్త ఫ్రిజ్ ఇంటికి వచ్చిన నాలుగో రోజున చల్లబడటం మానేసిందనుకోండి. దుకాణానికి వెళితే, "మాదేముందండీ, కంపెనీకి ఫోన్ చేయండి" అంటారు. కంపెనీ పంపిన మెకానిక్ వచ్చి, "రిపేరు చేస్తాం గానీ మార్చి ఇవ్వడం కుదరదు" అంటాడు. కొత్త వస్తువుకు పూర్తి డబ్బు కట్టిన మనిషికి చివరకు దక్కేది రిపేరు చేసిన వస్తువు. ఈ రెండు జవాబులూ మనకు ఎంత అలవాటైపోయాయంటే, వాటికీ ఒక పుట్టుక ఉంటుందని మనకు తోచదు. ఇవి ఎక్కడి నుంచి వచ్చాయన్నదే చరిత్ర విద్యార్థులుగా మనం అడగవలసిన ప్రశ్న. దాని వెనుక మరో పాత ప్రశ్న ఉంది. అమ్మకం జరిగేటప్పుడు ఇద్దరికీ కనబడని లోపం తర్వాత బయటపడితే, ఆ నష్టాన్ని ఎవరు భరించాలి?

పరీక్షా కాలం

మన పాత ధర్మశాస్త్ర గ్రంథాలు ఈ ప్రశ్నను చాలా నిర్దిష్టంగా ఎదుర్కొన్నాయి. కౌటిల్యుని అర్థశాస్త్రంలో మూడో అధికరణమైన ధర్మస్థీయంలో క్రయవిక్రయాల రద్దు గురించి ఒక అధ్యాయం ఉంది. కొన్న సరుకును తీసుకోవడానికి నిరాకరించిన వాడికి 12 పణాల జరిమానా. అయితే సరుకులో దోషం ఉంటే ఆ జరిమానా వర్తించదు. బేరం రద్దు చేసుకోవడానికి గడువు కూడా అందరికీ ఒకటి కాదు. వర్తకులకు ఒక రాత్రి, సేద్యగాళ్లకు మూడు రాత్రులు, పశుపాలకులకు అయిదు రాత్రులు.

యాజ్ఞవల్క్య స్మృతి మరో అడుగు ముందుకు వేసి, గడువును మనిషిని బట్టి కాకుండా వస్తువును బట్టి నిర్ణయించింది. ఇనుమును పరీక్షించుకోవడానికి ఒక రోజు, పాడి పశువుకు మూడు రోజులు, బరువులు మోసే పశువుకు అయిదు రోజులు, రత్నాలకు ఏడు రోజులు, విత్తనాలకు పది రోజులు. ఈ అంకెలను ఒకసారి నిదానంగా చూడండి. ఇనుము మంచిదో కాదో కొట్టి చూస్తే తెలిసిపోతుంది. ఆవు పాలిస్తుందో లేదో తెలియడానికి నాలుగైదు పూటలు పిండాలి. విత్తనం మొలకెత్తితే గానీ దాని సంగతి తెలియదు. లోపం బయటపడటానికి ఎంతకాలం పడుతుందో కొనుగోలుదారుకు అంత గడువు ఇవ్వాలన్నదే ఇందులోని ఆలోచన అని నేను అర్థం చేసుకున్నాను. ఆ జాబితాలోనే మనుషులూ ఉన్నారని మరచిపోవద్దు. దాసికి ఒక నెల, దాసుడికి ఒక పక్షం. ప్రాచీన న్యాయం గురించి గొప్పలు చెప్పుకోబోయేవారు ఆ రెండు అంకెలు కూడా చదవాలి.

యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్యానమే మితాక్షర. కల్యాణి చాళుక్యుల కాలం నాటి ఈ గ్రంథాన్ని ఆధారం చేసుకొని 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరము అనే పద్యకృతిని రచించాడని మీరు తెలుగు సాహిత్య చరిత్రలో చదివే ఉంటారు. ధర్మశాస్త్రం తెలుగులోకి రావడం అంత పాత సంగతి. ఈ నియమాలు మన ఊళ్ల సంతల్లో ఎంతవరకు అమలయ్యాయన్నది వేరే విషయం. గ్రంథంలో ఉన్నదంతా వీధిలో జరిగిందని అనుకోకూడదు.

కొనేవాడా, నీ జాగ్రత్త నీదే

ఇంగ్లీషువారి న్యాయం వేరే దారిన వచ్చింది. దాని మూలసూత్రం కేవియట్ ఎంప్టర్ అనే లాటిన్ మాట. కొనేవాడు తానే జాగ్రత్తగా చూసుకోవాలని దాని అర్థం. కళ్లెదుట గుర్రాన్నో గుడ్డ తానునో పెట్టి అమ్మే సంతలో ఆ సూత్రం మరీ అన్యాయమేమీ కాదు. కొనేవాడికీ కళ్లున్నాయి, చేతులున్నాయి. కర్మాగారంలో తయారై, అట్టపెట్టెలో వచ్చే యంత్రం విషయంలోనే అది బెడిసికొట్టింది.

మన దేశంలో సరుకుల అమ్మకం మొదట 1872 నాటి ఒప్పందాల చట్టంలో ఒక భాగంగా ఉండేది. తర్వాత 1893 నాటి ఇంగ్లండు చట్టాన్ని నమూనాగా తీసుకొని ప్రత్యేకంగా వస్తు విక్రయ చట్టం చేశారు. అది 1930 జూలై 1న అమలులోకి వచ్చింది. నేటికీ అమలులో ఉంది. దానిలోని 16వ సెక్షన్‌ను మీరు శ్రద్ధగా చదవాలి. సరుకు నాణ్యత గురించి అమ్మకందారు ఏ మాటా ఇచ్చినట్లు భావించకూడదన్న పాత సూత్రంతోనే అది మొదలవుతుంది. ఆ తర్వాత మినహాయింపులు చెబుతుంది. ఏ అవసరానికి కొంటున్నదీ చెప్పి, అమ్మకందారు నైపుణ్యం మీద ఆధారపడి కొంటే, ఆ సరుకు ఆ అవసరానికి పనికిరావాలన్నది గర్భిత షరతు. అంటే కాగితం మీద రాయకపోయినా ఉన్నట్లే భావించే షరతు. ఆ రకం సరుకులు అమ్మే వర్తకుడి వద్ద వర్ణనను బట్టి కొంటే అది అమ్మదగిన నాణ్యతతో ఉండాలన్నది మరొకటి.

ఇంతవరకు బాగానే ఉంది. అయితే ఈ మినహాయింపులకు మళ్లీ మినహాయింపులున్నాయి. వస్తువును దాని పేటెంట్ పేరుతోనో వ్యాపారపు పేరుతోనో అడిగి కొంటే, అవసరానికి పనికిరావాలన్న మొదటి షరతు వర్తించదు. 1930లో ఇది చిన్న విషయంగానే కనబడి ఉంటుంది. ఈనాడు ఫలానా బ్రాండు ఫ్రిజ్ ఇవ్వండి అని పేరు పెట్టి అడగకుండా ఎవరు కొంటున్నారు? వస్తువును పరీక్షించి కొంటే, ఆ పరీక్షలో తెలియవలసిన లోపాల గురించి తర్వాత అడగడానికి లేదు. అన్నిటినీ మించి, గర్భిత షరతులను ఒప్పందం ద్వారా తొలగించుకోవచ్చని 62వ సెక్షన్ చెబుతుంది. అచ్చు వేసిన రసీదు కింద చిన్న అక్షరాలు పుట్టడానికి ఆ సెక్షన్ తలుపు తెరిచింది.

ఇప్పుడు మీరు పక్కన పెట్టుకున్న వారంటీ కార్డు తీయండి. 1930 చట్టం ఒప్పందంలోని మాటలను రెండు రకాలుగా విభజించింది. షరతు అంటే ఒప్పందానికి ప్రాణం వంటిది. అది భంగమైతే కొనుగోలుదారు వస్తువును తిరస్కరించవచ్చు. వారంటీ అంటే పూచీ. అది ప్రధాన ఉద్దేశానికి అనుబంధమైన చిన్న మాట. అది భంగమైతే నష్టపరిహారం అడగవచ్చు గానీ వస్తువును తిప్పి పంపడానికి వీల్లేదు. పైగా వస్తువును ఒకసారి స్వీకరించిన తర్వాత షరతు భంగాన్ని కూడా పూచీ భంగంగానే చూడాలని 13వ సెక్షన్ అంటుంది. తిరస్కరిస్తున్నానని చెప్పకుండా సమంజసమైన కాలం దాటితే స్వీకరించినట్లే లెక్క. చట్టం దృష్టిలో తక్కువ స్థాయి వాగ్దానానికి ఉన్న పేరే మీ చేతిలోని కార్డు మీద పెద్ద అక్షరాలతో ఉంది. "రిపేరు చేస్తాం, మార్చం" అన్న మాటకు వేర్లు చాలావరకు ఇక్కడే ఉన్నాయని నా అభిప్రాయం.

"కంపెనీని అడగండి" అన్న మాట సంగతి ఇంకా విచిత్రం. 1930 చట్టం ప్రకారం బాధ్యత అమ్మకందారుదే. ఎందుకంటే మీ ఒప్పందం దుకాణంతోనే. కంపెనీతో మీకు ఒప్పందం లేదు. అంటే దుకాణదారు మిమ్మల్ని ఎవరి దగ్గరకు పంపుతున్నాడో, వారి మీద మీకు ఆ చట్టంలో హక్కే లేదు! 1932లో ఇంగ్లండులోని ప్రభువుల సభ, స్కాట్లాండులోని పెయిస్లీ పట్టణం నుంచి వచ్చిన కేసులో, ఒప్పందం లేకపోయినా తయారీదారుకు అంతిమ వినియోగదారు పట్ల బాధ్యత ఉందని తీర్పు చెప్పింది. సీసాలోని అల్లం పానీయంలో నత్త ఉందన్న ఆ కేసును న్యాయశాస్త్ర విద్యార్థులందరూ చదువుతారు. అయితే ఆ బాధ్యత మనిషికి కలిగిన హానికి సంబంధించినది. చల్లబడని ఫ్రిజ్‌కు అది ఉపయోగపడదు.

హక్కు ఉన్నా దారి లేకపోవడం అసలు సమస్య. మిక్సీ కోసం సివిల్ కోర్టులో దావా వేయాలంటే కోర్టు ఫీజు, వకీలు ఫీజు, వాయిదాలు కలిసి మిక్సీ ధరను ఎప్పుడో దాటిపోతాయి. అందుకే సామాన్య కొనుగోలుదారుకు ఈ చట్టం దాదాపు లేనట్లే ఉండేది.

దొరకడమే భాగ్యం

స్వాతంత్ర్యం తర్వాత మూడు దశాబ్దాల పాటు మధ్యతరగతి ఇంట్లో యంత్రాలే తక్కువ. హైదరాబాద్‌లో 1942లో స్థాపించిన ఆల్విన్ మెటల్ వర్క్స్ తయారుచేసిన ఫ్రిజ్ ఇంట్లో ఉంటే ఆ ఇంటికి వీధిలో ఒక హోదా ఉండేది. పోటీ లేదు, ఉత్పత్తికి లైసెన్సుల పరిమితులు. స్కూటరు కోసం ఏళ్ల తరబడి పేరు నమోదు చేసుకొని ఎదురుచూసిన కాలం అది. అలాంటి చోట వస్తువు దొరికిందే చాలనుకున్న మనిషి దాన్ని తిరిగి ఇస్తానని అంటాడా? కొరత కూడా ఒక రకంగా కేవియట్ ఎంప్టర్ పనే చేసింది.

సంఘటిత ప్రయత్నాలు నెమ్మదిగా మొదలయ్యాయి. 1966లో బొంబాయిలో తొమ్మిది మంది గృహిణులు కన్స్యూమర్ గైడెన్స్ సొసైటీ ఆఫ్ ఇండియాను ప్రారంభించారు. 1978లో అహ్మదాబాద్‌లో కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ ఏర్పడింది. ఆ రోజుల్లో వినియోగదారుల గోడు ఎక్కువగా కల్తీ, తూకం, ధరల గురించే. 1969 నాటి ఎం.ఆర్.టి.పి. చట్టం గుత్తాధిపత్యాన్ని అదుపు చేయడానికి పుట్టినది. సచార్ కమిటీ సిఫార్సు చేశాక, 1984లో సవరణ ద్వారా అనుచిత వాణిజ్య పద్ధతులు అన్న భావన అందులో చేరింది. సరైన పరీక్ష చేయకుండా వస్తువు పనితీరు మీద గ్యారంటీ ప్రకటించడం కూడా అందులో తప్పుగా చేరింది. గ్యారంటీ అన్న మాటను చట్టం అనుమానంగా చూడటం అప్పుడు మొదలైంది.

ఈలోగా ఇళ్లు మారిపోయాయి. 1982 ఆసియా క్రీడలతో రంగుల టీవీ వచ్చింది. ఆ తర్వాత అయిదారేళ్లలో మిక్సీ, టీవీ, ఫ్రిజ్ వాయిదాల మీద కొనే వస్తువులయ్యాయి, పెళ్లి సారెలో చేరాయి. హైదరాబాద్‌లోని ఇ.సి.ఐ.ఎల్. కూడా టీవీలు తయారుచేసేది. నెలజీతంలో పెద్ద భాగాన్ని ఒక పెట్టె మీద పెట్టి, ఆ పెట్టె లోపల ఏముందో తెలియని కొనుగోలుదారులు లక్షల్లో తయారయ్యారు. కొత్త చట్టం వచ్చింది ఈ సందర్భంలోనే.

1986

1962 మార్చి 15న అమెరికా అధ్యక్షుడు కెనడీ తమ కాంగ్రెస్‌కు పంపిన సందేశంలో వినియోగదారులకు నాలుగు హక్కులున్నాయని ప్రకటించాడు. భద్రత, సమాచారం, ఎంపిక, తమ మాట వినిపించుకోవడం. 1985లో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ వినియోగదారుల రక్షణకు మార్గదర్శక సూత్రాలను ఆమోదించింది. మన వినియోగదారుల రక్షణ చట్టానికి 1986 డిసెంబర్ 24న రాష్ట్రపతి ఆమోదం లభించింది. పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఇక్కడ ఆగి హక్కుల పట్టిక ఇస్తాయి. మీరు పట్టిక కంటే నిర్వచనాలను చూడాలి. మార్పు అక్కడ జరిగింది.

మొదటిది, వర్తకుడు అన్న మాటలో తయారీదారు కూడా చేరాడు. దుకాణం, కంపెనీ ఒకరి మీద ఒకరు తోసుకునే ఆటకు అది అడ్డుకట్ట. ఇద్దరినీ కలిపి ప్రతివాదులుగా చేర్చవచ్చు. రెండోది, డబ్బు కట్టినవారే కాక, వారి సమ్మతితో వస్తువును వాడేవారు కూడా వినియోగదారులే. తండ్రి సారెగా ఇచ్చిన ఫ్రిజ్ పాడైతే కూతురే ఫిర్యాదు చేయవచ్చు. ఒప్పందం ఎవరితో అన్న పాత అడ్డంకి ఆ ఒక్క వాక్యంతో తొలగిపోయింది. మూడోది, జిల్లా ఫోరం, రాష్ట్ర కమిషన్, జాతీయ కమిషన్ అనే మూడంచెల వ్యవస్థ. మొదట్లో ఫిర్యాదుకు రుసుమే లేదు, వకీలు అవసరం లేదు. లక్ష రూపాయల లోపు వివాదాలు జిల్లా ఫోరానికే వెళ్లేవి.

లోపం రుజువైతే ఫోరం ఏ ఆదేశాలు ఇవ్వవచ్చో 14వ సెక్షన్ చెప్పింది. లోపాన్ని సరిచేయడం, లోపం లేని కొత్త వస్తువు ఇవ్వడం, ధర తిరిగి ఇవ్వడం, నష్టపరిహారం. వరుసలో మరమ్మతు ముందు వచ్చింది గానీ, అది విఫలమైతేనే మిగిలినవి అని చట్టం ఎక్కడా అనలేదు. ఈ సంగతి కంపెనీల మెకానిక్‌లకు ఎవరూ చెప్పినట్లు లేదు.

కాగితం మీద చట్టం వచ్చినంత వేగంగా ఫోరాలు రాలేదు. అనేక రాష్ట్రాలు జిల్లాల్లో వాటిని ఏర్పాటు చేయకుండా జాప్యం చేశాయి. కామన్ కాజ్ అనే స్వచ్ఛంద సంస్థ వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు జోక్యం చేసుకోవలసి వచ్చింది. 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని విశాల దృష్టితో చదివింది. అది ఇళ్ల కేటాయింపుకు సంబంధించిన కేసు. అయినా, వేధింపుకూ మనోవ్యథకూ కూడా పరిహారం ఇవ్వవచ్చన్న అందులోని సూత్రం ఫ్రిజ్‌లు, టీవీల కేసులకూ వర్తించింది. కంపెనీ చుట్టూ పదిసార్లు తిరిగిన శ్రమకు విలువ కట్టడం అప్పటి నుంచే స్థిరపడింది.

వ్యాపారం కోసం కొన్నవారు వినియోగదారులు కారన్న నియమం కొన్నాళ్లు చిన్నవారిని దెబ్బతీసింది. కర్రీ పాయింటు నడుపుకొనే ఒక మహిళ గ్రైండరు కొన్నదనుకోండి. అది వ్యాపారమా, బతుకుదెరువా? 1993 సవరణ దీనికి ఒక వివరణ చేర్చింది. స్వయం ఉపాధి ద్వారా జీవనోపాధి కోసమే కొన్నది వాణిజ్య ప్రయోజనం కిందికి రాదు. 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని మరింత స్పష్టం చేసింది. తాను నడుపుకోవడానికి ఆటో కొన్నవాడు వినియోగదారుడే.

రుజువు ఎవరిది?

సంపర్క తరగతుల్లో ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు లేచి, "స్టెబిలైజర్ లేదని కొట్టేశారు సార్" అంటారు. వోల్టేజీ హెచ్చుతగ్గుల వల్ల కంప్రెసర్ కాలిపోయింది, వాడకం సరిగా లేదు, ఎలుక వైరు కొరికింది. కంపెనీల వాదనలు ఇలా ఉంటాయి. వాటిలో నిజమూ ఉండవచ్చు. ఎండాకాలంలో మన ఊళ్ల కరెంటు సంగతి మీకు తెలియనిది కాదు. చిక్కు ఏమిటంటే, లోపం తయారీలోనే ఉందని చూపవలసింది ఫిర్యాదీ. చూడగానే తెలియని లోపమైతే వస్తువును ప్రయోగశాలకు పంపించే ఏర్పాటు చట్టంలో ఉంది. అందుకే మెకానిక్ వచ్చిన ప్రతిసారీ అతడు రాసిచ్చే జాబ్ షీట్ అంత విలువైనది. ఒకే లోపం మళ్లీ మళ్లీ వచ్చిందని చెప్పే సాక్ష్యం సాధారణంగా అదొక్కటే.

కోర్టులు ఎప్పుడూ కొనుగోలుదారు వైపే మొగ్గాయనుకోవద్దు. 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో, వారంటీ పత్రం లోపమున్న భాగాన్ని మారుస్తామని మాత్రమే చెబుతున్నందున కారు మొత్తాన్ని మార్చమనడం సరికాదని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. విక్రేత పక్షమే రాసుకున్న కాగితం కొనుగోలుదారు హక్కుకు హద్దు గీసింది. 1930 నాటి ఒప్పంద దృష్టి 1986 చట్టం లోపల కూడా ఊపిరి పీల్చుకుంటూనే ఉందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

2019, ముప్పై రోజులు

పాత చట్టం స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జూలైలో అమలులోకి వచ్చింది. జిల్లా ఫోరం పేరు జిల్లా కమిషన్ అయింది. దాని పరిధిని మొదట కోటి రూపాయలుగా పెట్టి, 2021 చివర్లో 50 లక్షలకు తగ్గించారు. 5 లక్షల లోపు వస్తువుకు రుసుము లేదు. ఫిర్యాదుకు గడువు మునుపటిలాగే రెండేళ్లు. పాత చట్టంలో ప్రతివాది వ్యాపారం చేసే చోటో, వివాదం పుట్టిన చోటో ఫిర్యాదు చేయాలి. ఇప్పుడు ఫిర్యాదీ నివసించే చోటనే చేయవచ్చు. ఆన్‌లైన్‌లో టీవీ కొన్న ఆదిలాబాద్ మనిషి ఆదిలాబాద్‌లోనే అడగవచ్చు. నా దృష్టిలో కొత్త చట్టంలోని అతి పెద్ద మేలు ఇదే.

విద్యార్థులు తరచుగా పొరబడే చోటు ఒకటుంది. కొత్త చట్టం ఉత్పత్తి బాధ్యత అనే అధ్యాయాన్ని తెచ్చింది కదా, చెడిపోయిన ఫ్రిజ్‌కు అది వర్తిస్తుందని రాస్తుంటారు. వర్తించదు. ఆ అధ్యాయంలో హాని అంటే మనిషికో ఇతర ఆస్తికో జరిగిన హాని. వస్తువుకే కలిగిన నష్టాన్ని నిర్వచనంలోనే మినహాయించారు. ఫ్రిజ్ పేలి ఇల్లు కాలితే అది ఉత్పత్తి బాధ్యత. ఫ్రిజ్ చల్లబడకపోతే అది మామూలు లోపం ఫిర్యాదు.

మనకు కావలసిన వాక్యం మరోచోట, అనుచిత వాణిజ్య పద్ధతుల నిర్వచనంలో ఉంది. లోపభూయిష్టమైన వస్తువును బిల్లులో చెప్పిన గడువు లోపల, గడువు చెప్పకపోతే 30 రోజుల లోపల వెనక్కి తీసుకొని డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరించడం అనుచిత పద్ధతి. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అని అచ్చువేసిన బిల్లులు ఇంకా మన బజార్లలో కనబడుతూనే ఉన్నాయి. లోపమున్న వస్తువు విషయంలో ఆ మాటను అడ్డు పెట్టుకొని వెనక్కి తీసుకోకపోవడం ఈ చట్టం కింద తప్పు. బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత పద్ధతే. విత్తనానికి పది రోజులు, పాడి పశువుకు మూడు రోజులు అన్న ఆలోచన ఎన్నో శతాబ్దాల తర్వాత యంత్రానికి 30 రోజులుగా తిరిగి వచ్చింది. అయితే ఈ గడువులో బిల్లు మాటకు మొదటి స్థానం ఇచ్చారని గమనించండి. ఆ బిల్లు రాసేది అమ్మకందారే.

ఇంగ్లండును మనం నమూనాగా తీసుకున్నాం కాబట్టి అక్కడ ఏం జరిగిందో చూడటం అవసరం. కేవియట్ ఎంప్టర్‌ను మనకు ఇచ్చిన ఆ దేశంలో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం, లోపమున్న వస్తువును 30 రోజుల్లో తిరస్కరించి పూర్తి డబ్బు తీసుకునే హక్కును నేరుగా ఇచ్చింది. ఆ గడువు దాటితే, ఒకసారి మరమ్మతు చేసినా లోపం పోకపోతే వస్తువును తిరస్కరించవచ్చు, లేదా ఉంచుకొని ధర తగ్గించమనవచ్చు. అంతకంటే ముఖ్యమైనది రుజువు భారం. మరమ్మతో మార్పిడో కోరినప్పుడు, కొన్న ఆరు నెలల లోపల బయటపడిన లోపం మొదటి నుంచీ ఉన్నట్లే అక్కడ భావిస్తారు. లేదని చూపవలసింది అమ్మకందారు. మన చట్టంలో అటువంటి భావన లేదు. ఇక్కడ ఫ్రిజ్ నాలుగో రోజున ఆగిపోయినా, అది తయారీ లోపమే తప్ప కరెంటు దోషం కాదని చూపవలసింది కొన్నవారే. ప్రయోగశాల పరీక్షకు అయ్యే రుసుమును ముందుగా కట్టమని కమిషన్ అడగగలిగేది కూడా వారినే.